చెప్పాల్సినవాళ్లు

ఆ బట్టలు మెషిన్‌లో వేయకూడదట. వేస్తే లోపల కుట్టిన ప్యాడ్ ముద్దలు కట్టి, గంటల తరబడి సైకిలు సీటు మీద కూర్చునేవాడి తొడలు ఒరుసుకుపోతాయట. అందుకని శనివారం మధ్యాహ్నం, క్లేటన్‌లో ఇంకో రెండు జంటలతో కలిసి మేం అద్దెకుంటున్న ఇంటి లాండ్రీ గదిలో, గోరువెచ్చటి నీళ్ల బకెట్ ముందు కూర్చుని మా ఆయన ఎబెన్ సైకిలు బట్టలు చేత్తో ఉతుకుతున్నాను. "గట్టిగా పిండమాక జాకీ, ఎలాస్టిక్ పోద్ది" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్లాడు. నా బట్టలు మెషిన్‌లో ఎలా తిరిగినా, డ్రయర్‌లో ఎంత కుంచించుకుపోయినా వాటి ఎలాస్టిక్ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కిందటి ఆదివారం బురద వీపు భాగంలో నిలువుగా చారలు కట్టి ఉంది. వెనక చక్రం చిమ్మిన బురద అది. ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు.

వాళ్ల గుంపు పేరు చలిపులులు. అందరూ తెలుగువాళ్లే. కొందరు మాలాగా ఇంకా చదువుల్లో, వీసాల్లో ఉన్నవాళ్లు, కొందరు క్రాన్‌బర్న్ వైపు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డవాళ్లు. ఇక్కడ చలికాలమైన జూన్ నుంచి ఆగస్టు ఆఖరుదాకా ప్రతి ఆదివారం పొద్దున్నే, మంచు కరగకముందే బయల్దేరతారు. ఎండాకాలంలో ఎవడైనా తొక్కుతాడు, చలిలో తొక్కినోడే మొగోడు అన్నది వాళ్ల నాయకుడు పాండురంగన్న సిద్ధాంతం. రైలు వంతెన కింద వేసిన సైకిలు బాట పట్టుకుని, సముద్రం ఒడ్డుదాకా వెళ్లి, ఎదురుగాలి తిని, చివరికి ఏదో ఒక బ్రూవరీలో తేలతారు. వారానికొక బ్రూవరీ. బ్రూవరీ అంటే మనం అనుకునే బారులాంటిది కాదు. పాత ఫ్యాక్టరీ షెడ్లలో పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు పెట్టి, బీరు అక్కడే కాచి అక్కడే అమ్ముతారు. పిల్లల్నీ కుక్కల్నీ కూడా తెచ్చుకుంటారు జనం. తాగాక సైకిలు ఎక్కకూడదన్న బుద్ధి మాత్రం చలిపులులందరికీ ఉంది. ఆ బుద్ధిని మోయాల్సింది మేము. వంతుల ప్రకారం ఆడవాళ్లం కార్లు వేసుకుని వెళ్లి, వెనక ర్యాకులకు సైకిళ్లు బిగించి, మొగుళ్లను ఎక్కించుకుని ఇళ్లకు చేర్చాలి. మాకు సపోర్ట్ క్రూ అని పేరు పెట్టారు. వాళ్ల జెర్సీల మీద పులి బొమ్మ, కింద ఎవరి పేరు వాళ్లకు ఉంటుంది. మనకు కూడా ఒక జెర్సీ ఏయించమని అమ్ములక్క అడిగితే, "మీరు తొక్కరు గదనే, జెర్సీ ఎందుకు?" అన్నాడట ఆమె భర్త పాండురంగన్న. ఆ మాట చెప్పి ఆమే నవ్వింది. నేనూ నవ్వాను.

నువ్వెందుకు వెళ్తావు, రానని చెప్పొచ్చుగా అని నన్నెవరైనా అడగొచ్చు. చెప్పడానికి నాకు చోటు లేదు. స్టూడెంట్ వీసా నాది. కాగితాల ప్రకారం ఎబెన్ నా మీద ఆధారపడి వచ్చినవాడు. నాకు ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు వచ్చిందని తెలిశాకే ఒంగోలు నుంచి మా చీరాలకు సంబంధం కలుపుకోవడానికి వచ్చారు వాళ్లు. విమానం ఎక్కే ముందురోజు అత్తయ్య నన్ను గదిలోకి పిలిచి, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, "అమ్మా జాక్లిన్, వాడు నీ ఎనక వస్తన్నాడు. ఆ మాట ఎప్పుడూ నీ నోట రానీమాక. మగపిల్లాడి మనసు తట్టుకోలేదు" అంది. ఆ మాట నా నోట రాలేదు. నోట రాకుండా ఉండటానికి ఎంత చాకిరీ చేయాలో మాత్రం అత్తయ్య చెప్పలేదు. అన్నం నేనే వడ్డించాలి, నా చదువు గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడకూడదు, డాండెనాంగ్ వేర్‌హౌస్‌లో అతనికంటే చిన్నవాడైన సూపర్‌వైజరు కసిరిన రోజు ఇంటికొచ్చి నామీద కసురుకుంటే పడాలి. ఆదివారాలు మాత్రం అతను ఎవరి వెనకా వచ్చినవాడు కాదు. ఎంత మిట్టనైనా దిగకుండా ఎక్కే ఎబెన్ బ్రో. ఆ ఒక్క పూట కోసం గుడ్లు ఉడకబెట్టి, పులిహోర కలిపి, ఫ్లాస్కులో టీ పోసి పంపడం, మధ్యాహ్నం కారు తీసుకుని వెళ్లడం నాకు పెద్ద పనిగా తోచేది కాదు. తోచకూడదని గట్టిగా అనుకునేదాన్ని.

మామూలు రోజుల్లో అయితే విసుక్కుంటూ ఉతికేదాన్ని. ఆ శనివారం విసుగు కూడా రాలేదు. అప్పటికి నా కడుపులో బిడ్డ పోయి రెండు వారాలు.

మూడో నెల నిండలేదు. నేను చదివేది చిన్నపిల్లల టీచరు కోర్సు. అందులో భాగంగా ఒక చైల్డ్‌కేర్‌లో ప్లేస్‌మెంట్ శిక్షణ చేస్తున్నాను, ఏడాది నిండని పిల్లల గదిలో. ఒక బాబుకి న్యాపీ మారుస్తుంటే నడుంలో నొప్పి మొదలైంది. వాడి న్యాపీ పూర్తిగా కట్టి, చేతులు కడుక్కుని, వాణ్ణి ఇంకొకరికి అప్పగించి అప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్లాను. అంతసేపు ఎందుకు ఆగానో ఇప్పటికీ తెలియదు. ఆస్పత్రిలో స్కానింగ్ చేస్తున్న అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ స్క్రీను తన వైపు తిప్పుకుంది. అప్పుడే నాకు అర్థమైంది. ఎబెన్ వేర్‌హౌస్ నుంచి అక్కడ వేసుకునే పచ్చ యూనిఫాం కోటు మీదే పరిగెత్తుకొచ్చాడు. నా కాళ్ల దగ్గర కూర్చుని, దుప్పటి మీద నుంచే నా పాదం పట్టుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక జావ కాయబోయి మాడ్చి, మాడిన వాసన నాకు తెలియకూడదని కిటికీలన్నీ తీశాడు. నేను ఆ జావ తాగాను. ఏడుపు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ పడుకున్నాను. రాకముందే ఫోన్లు చేయాల్సి వచ్చింది.

"నువ్వే చెప్పు జాకీ. నాకు నోరు రాదు" అని, వాళ్లమ్మ నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టాడు ఎబెన్. చెప్పాను.  అవతల అత్తయ్య గొంతెత్తి ఏడ్చింది. "నా బిడ్డ ఎట్టా తట్టుకుంటాడో. అసలే మెత్తటోడు. వాణ్ణి జాగర్తగా చూసుకో అమ్మా. బరువులేమన్నా ఎత్తావా? నువ్వు కూడా ఆ సైకిలేమన్నా ఎక్కావా? ఆ పిల్లల బడికి పోవద్దంటే విన్నావా?" లేదత్తయ్యా, ఊరుకోండత్తయ్యా, ఏడవకండి, మీకు తలనొప్పి వస్తుంది అని నేనే ఆమెను ఊరుకోబెట్టాను. ఎబెన్ పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. తర్వాత మా అమ్మ. అమ్మ ఏడ్చిన ఏడుపుకి నాన్న ఫోను లాక్కుని, ఏమైంది ఏమైంది అని కంగారుపడితే ఆయనకు మళ్లీ మొదటినుంచి చెప్పాను. అమ్మకు బీపీ మాత్ర వేయించమన్నాను. తర్వాత తెలుగు చర్చి పాస్టరమ్మ ఏసుమణి ఆంటీ. ఆమె ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఆగిపోయి, ముప్పై ఏళ్ల కిందట తనకు పోయిన కాన్పు గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకోండి ఆంటీ అన్నాను. ఆమె కోసం నేను ప్రార్థన ముగించాను. చైల్డ్‌కేర్‌కి వెళ్లి చెబితే, అక్కడ నా పైన ఉండే హీథర్ కళ్లు తుడుచుకుని, నన్ను కౌగిలించుకుని, మనుషులు తక్కువగా ఉన్నారు గురువారానికల్లా రాగలవా అని అడిగింది. వస్తానన్నాను.

చెప్పడం కూడా ఒక పని అని ఎవరూ అనరు. వంట పని, బట్టల పని అంటారు. చావు కబురు చెప్పడం, చెప్పాక వాళ్లు ఏడిస్తే పట్టుకోవడం, వాళ్లు అడిగే ప్రశ్నలకు నేరం చేసినదానిలా జవాబులివ్వడం, ఫోను పెట్టేసి ఇంకో నంబరు కలపడం, ఇదంతా ఒక పని. పోగొట్టుకున్నది నేను, ఓదార్చింది నేను. ఒక్కొక్కరికి చెబుతున్నకొద్దీ నా గొంతు స్టేషన్‌లో రైళ్ల అనౌన్స్‌మెంట్‌లా అయిపోయింది. అందరి ఏడుపులూ అయ్యాక నేను ఏడుద్దామనుకున్నాను. ఆ వేళ దొరకలేదు.

ఇంతమందికీ చెప్పాక చలిపులులు మిగిలారు. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని నేను బతిమాలినా, ఆగలేక, నాకు కడుపని తెలిసిన వారమే ఒక బ్రూవరీలో రెండో గ్లాసు దగ్గర వాళ్లకు చెప్పేశాడు ఎబెన్. వాళ్లు అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు అతని మొహం చూసి నేను కోప్పడలేకపోయాను. ఇప్పుడు అతనే అన్నాడు, "మావాళ్లకి నేను చెప్తాలే." ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను నేను. బిడ్డ పోయింది అని ఒక్కచోటైనా అతని నోటితో అతను అనాలి. ఆ మాట నోట్లోంచి ఎంత బరువుగా వస్తుందో అతనికీ తెలియాలి. ఆ తర్వాత ఇద్దరం ఒక బాధలో ఉంటాం అనుకున్నాను.

ఆ వచ్చిన ఆదివారమే రైడుకి వెళ్లాడు. "నాలుగు గోడల మధ్య ఉంటే పిచ్చెక్కుతంది జాకీ" అన్నాడు. వెళ్లమన్నాను. పాండురంగన్న కారులో ఇంటికొచ్చాక అడిగాను, చెప్పావా అని.

"ఆఁ, చెప్పా."

"ఏమన్నారు?"

"ఏమంటారు. బాధపడ్డారు."

వాళ్లలో ఎవరూ నాకు ఫోను చేయలేదు. అమ్ములక్క కూడా చేయలేదు. మొదట్లో గుచ్చుకుంది. తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయి ఉంటుంది, అందరూ ఫోన్లు చేసి నన్ను తినేస్తుంటారని తెలిసి ఒదిగి ఉంది అనుకున్నాను. అలా అనుకోవడం మొదలుపెట్టాక ఆమె మీద ప్రేమ కూడా పుట్టింది. అందుకే మర్నాడు, ఆదివారం, కార్ల వంతు నాదని వచ్చినప్పుడు వేరేవాళ్లకు మార్చమని అడగలేదు. ఉతికిన బట్టలు దండెం మీద వేస్తూ, నిజం చెప్పాలంటే, వెళ్లాలనే అనుకున్నాను. ఈ ఊళ్లో నేను నోరు విప్పి చెప్పాల్సిన పనిలేని చోటు అదొక్కటే. అక్కడ అందరికీ తెలుసు. అమ్ములక్క నా చెయ్యి పట్టుకుంటుంది, నేనేమీ చెప్పనక్కర్లేదు, ఆమె పక్కన కూర్చుని ఏడవొచ్చు. రెండు వారాల్నుంచి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నదాన్ని అక్కడ దించుకోవచ్చు. బీరు తయారుచేసే షెడ్డులో ఏడవటానికి ఎదురుచూసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన. సముద్రానికి దగ్గర్లో, కార్ల రిపేరు షాపుల మధ్య ఉంది ఆ బ్రూవరీ. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల మొలకెత్తిన ధాన్యం ఉడుకుతున్న వాసన. గొడుగుల్లాంటి గ్యాస్ హీటర్ల కింద పొడవాటి బల్ల చుట్టూ మనవాళ్లు కూర్చుని ఉన్నారు. తడి జెర్సీల నుంచి ఆవిరి లేస్తోంది. చెక్క పలక మీద వరసగా చిన్న చిన్న గ్లాసులు, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు బీరు. నేను షట్టరు కింద నుంచి తల వంచి లోపలికి రాగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నాకు అర్థం కాలేదు. ఓదార్చడానికి ఇదేదో కొత్త పద్ధతేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అమ్ములక్క ఎదురొచ్చి రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. కుర్చీలో దిండు వేసి కూర్చోబెట్టింది. ఇంటి నుంచి తెచ్చిన దిండు. "మాకు ఎరుకైన ముచ్చట మూడో నెల నిండేదాక నీ చెవున వడొద్దని ఎబెన్ జెప్పిండు చెల్లె. నువ్వు సిగ్గువడ్తవట. అందుకే ఫోన్ జెయ్యలే. లోపల్లోపలనే సతమతమైన. ఇయ్యాల్టికి నిండింది గద" అంటూ నా ఒడిలో ఒక డబ్బా పెట్టింది. "చింతకాయ తొక్కు. పుల్లగ తినబుద్ధి అయితదని తెచ్చిన."

నేను ఎబెన్ వైపు చూశాను. అతను గ్లాసులోకి చూస్తున్నాడు.

పాండురంగన్న నన్ను లేపి గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఎబెన్ సైకిలు ఆనించి ఉంది. దాని వెనక పిల్లల సీటు బిగించి ఉంది. కొత్తది కాదు, బూడిద రంగు ప్లాస్టిక్ అక్కడక్కడ గీసుకుపోయి, ఎవరో పిల్ల అతికించిన ఏనుగు స్టిక్కరు సగం ఊడి ఉంది. చలిపులుల ఆనవాయితీ అది. పాండురంగన్న పెద్దకూతురి కోసం కొన్న సీటు, ఆ తర్వాత గుంపులో ఎవరింట్లో కడుపు పండితే వాళ్ల సైకిలుకి మారుతూ వస్తోంది. మూడో నెల నిండిన ఆదివారం అందరూ కలిసి బిగిస్తారు. "మా బిడ్డ దీంట్లనే ఇంత పెద్దదైంది చెల్లె. ఇగ మీ వంతు" అన్నాడు. సీటు వీపు వైపు నల్లరంగు పెన్నుతో, అంతకుముందు కూర్చున్న పిల్లల పేర్ల కింద, ఇంకా ఆరని అక్షరాలతో బేబీ ఎబెన్ అని రాసి ఉంది. నా పేరు అక్కడ కూడా లేదు. ఆ సమయంలో అది గమనించానంటే మనసు ఎంత పాడు మనసో చూడండి.

కౌంటరు దగ్గరి అమ్మాయి నాకోసం ఒక గ్లాసు నిమ్మ సోడా తెచ్చి, ఇది మా తరఫున, కంగ్రాట్స్ డార్లింగ్ అంది. థ్యాంక్స్ అన్నాను. అలవాటు మీద వచ్చేసింది.

ఒకసారి థ్యాంక్స్ అన్నాక రెండోసారి ఊరుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. చుట్టూ చూశాను. వీళ్లందరి కళ్లలో నా బిడ్డ ఇంకా ఉంది. ఈ షెడ్డులో, ఈ హీటర్ల కింద, దానికి ఏమీ కాలేదు. అది పెరుగుతోంది, జనవరి ఎండల్లో పుడుతుంది, మెడ నిలిచాక ఈ సీట్లో కూర్చుంటుంది, దానికొక చిన్న హెల్మెట్ కొనాలి. ప్రపంచం మొత్తంలో నా బిడ్డ బతికున్న చోటు ఇదొక్కటే. నేను నోరు మూసుకుంటే చాలు, ఇంకాసేపు బతుకుతుంది. సీటుకి వేలాడుతున్న బెల్టును చేతిలోకి తీసుకుని దాని బకిల్ పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. నాకు ఇష్టంగానే ఉంది. దాన్ని కాదనను. ఒక నిమిషం పాటు అక్కడ నేను తల్లినే.

"తండ్రి రెండు ముక్కలు మాట్లాడాలె" అన్నాడు పాండురంగన్న. అదీ ఆనవాయితీయే. ఎబెన్ లేచి నిలబడ్డాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. ఇంతదాకా వచ్చాక ఇక చెప్పక తప్పదు, చెబుతాడు, చెప్పి కూలబడితే నేను పట్టుకుంటాను అని కూడా అనుకున్నాను. అతను నావైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బ్యాంకులో, వీసా ఆఫీసులో, ముందు నా పేరు పిలిచి తర్వాత అతని పేరు పిలిచిన ప్రతిచోటా చూసిన చూపు. నన్ను తక్కువ చేయకు అనే చూపు. తర్వాత గ్లాసు పైకెత్తాడు.

"థ్యాంక్స్ అన్నా. అందరికీ థ్యాంక్స్. నేను, జాకీ, ఇద్దరం చాలా హ్యాపీ."

నేను హ్యాపీ అని కూడా అతనే చెప్పేశాడు. వాళ్ల గ్లాసులు గలగలమంటున్నాయి. చేతిలోని బెల్టు వదిలేశాను.

"అన్నా" అన్నాను పాండురంగన్నతో. గొంతు అదే, రైళ్ల అనౌన్స్‌మెంట్ గొంతు. "బిడ్డ లేదన్నా. పోయి రెండు వారాలు దాటింది. ఎబెన్ మీకు చెప్పాడనుకున్నాను."

ఎవరో గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. పక్క బల్ల కింద తెల్లవాళ్ల కుక్క లేచి, ఒళ్లు విదిలించుకుని మళ్లీ పడుకుంది. పాండురంగన్న నావైపూ ఎబెన్ వైపూ చూసి, నెత్తిమీద టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్ములక్క నా కుర్చీలోంచి పచ్చడి డబ్బా తీసేసుకుంది, అది ఎవరికీ కనిపించకూడదన్నట్టు చున్నీ కింద దాచుకుంది. "నేను తొక్కు వట్టుకొస్తి చెల్లె. నేనెంత పాపిష్టిదాన్నో చూడు. నాకు ఒక్క మాట జెప్పకపోతివి" అని నా భుజం మీద పడి ఏడ్చింది. ఆమె వీపు నిమురుతూ, ఊరుకో అక్కా, నీకేం తెలుసు, నీ తప్పేముంది, ఏడవకు అంటున్నాను. అంటున్నప్పుడు నా చెయ్యి నాకు కనిపించింది. ఎవరి వీపో ఒకటి నిమురుతూనే ఉంది ఆ చెయ్యి రెండు వారాల్నుంచి.

కారు వెనక ర్యాకులో సైకిలు పట్టాలంటే సీటు తీయాలి. పాండురంగన్న వచ్చి, బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పానా మాటిమాటికీ జారిపోతోంది. ఎవరూ సాయం వెళ్లలేదు. విప్పాక ఆ సీటును ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు. కాసేపు చంకలో పెట్టుకుని నిలబడి, చివరికి బల్ల కిందికి తోశాడు. నేను సైకిలు ఎత్తబోతే, "నువ్వు ముట్టకు బిడ్డ" అని ఆయనే ఎత్తి కట్టాడు. ఎబెన్ అప్పటికే కారులో కూర్చున్నాడు.

కారు నేనే నడుపుతున్నాను. వాన పెద్దదైంది. క్లేటన్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు అన్నాడు, "అందరి ముందు అట్టా చెప్పాలా జాకీ?"

"చెప్పానన్నావుగా నువ్వు."

"చెబ్దామనే పోయాను. ఆ రోజు నేను పోగానే పాండురంగన్న ఎదురొచ్చి, జూనియర్ ఎట్లున్నడు అన్నాడు. బాగున్నాడన్నా అన్నాను. ఎట్టా అన్నానో తెలవదు. అనేశాను."

"ఎప్పుడు చెప్పాలనుకున్నావు?"

"ఈ రైడ్లన్నీ అయిపోయాక. ఆగస్టులో."

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు. ఆగస్టుకి నా కడుపు కనిపించేది. ఆగస్టుదాకా ఆ దిండు మీద, ఆ చప్పట్ల మధ్య నన్ను ఎలా కూర్చోబెట్టేవాడో, ఏ ఆదివారం ఏం చెప్పేవాడో ఆలోచించాడా? ఆలోచించి ఉండడు. అలాంటివి ఆలోచించడం నా పనుల్లోకి వస్తుంది.

ఇంటి ముందు కారు ఆపాక, సీటుబెల్టు తీయకుండానే, కిందికి చూస్తూ అన్నాడు. "అక్కడికి పోతే ఉన్నట్టే ఉండేది జాకీ. వాళ్లు అడుగుతుంటే, నేను చెప్తుంటే, నిజంగానే ఉన్నట్టుండేది. అందుకని చెప్పలేకపోయా."

అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ బెల్టు బకిల్ పెట్టి తీసిన ఒక్క నిమిషం నేనూ అదే చేశాను కదా. అతని మీద జాలేసింది, అదీ నిజమే. కానీ ఆ జాలి కింద నుంచి కోపం లేచింది, పెళ్లయినప్పటినుంచి ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. రెండు వారాల్నుంచి ఇతను బిడ్డ బతికున్న చోటికి వెళ్లి కూర్చుని వస్తున్నాడు. నన్ను బిడ్డ పోయిన ఇంట్లో వదిలేసి వెళ్లాడు. చావంతా నాకు వదిలేశాడు. వాళ్లమ్మ ఏడుపు, మా అమ్మ ఏడుపు, ఏసుమణి ఆంటీ ముప్పై ఏళ్లనాటి ఏడుపు, హీథర్ గురువారం, చంటిపిల్లల న్యాపీలు, అన్నీ నాకే. తనవంతుగా మిగిలిన ఒక్క మాట, అది కూడా చివరికి నా నోటితోనే చెప్పించాడు. నేను ఆ బిడ్డకు తల్లిని. ఊరూరా తిరిగి దాని చావు చాటింపు వేసేదాన్ని కాదు.

అతను ఏడవటం మొదలుపెట్టాడు. మొదట శబ్దం లేకుండా, తర్వాత డ్యాష్‌బోర్డు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా. తడిసిన జెర్సీ మీద అతని వీపు ఎగిరెగిరి పడుతోంది. వాళ్లమ్మ చెప్పినట్టు మెత్తటివాడే. నా చెయ్యి స్టీరింగ్ మీద నుంచి దానంతటదే లేచింది. ఊరుకో ఎబెన్ అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ రెండు పదాలూ అని, ఆ వీపు మీద చెయ్యి వేస్తే, లోపలికి తీసుకెళ్లాలి, తువ్వాలు ఇవ్వాలి, వేడిగా ఏదైనా కాచి పెట్టాలి, అతను నిద్రపోయేదాకా పక్కన కూర్చోవాలి, రేపు పొద్దున్న మళ్లీ చైల్డ్‌కేర్. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది వెనక్కి రావడానికి ఎంత బలం పట్టిందో నాకే తెలుసు.

తాళం అక్కడే వదిలేసి తలుపు తీశాను. వాన మొహాన కొట్టింది. అతను తలెత్తి, ఎర్రబడ్డ కళ్లతో, ఎక్కడికి అన్నట్టు చూశాడు.

"నువ్వు ఏడువు ఎబెన్. ఊరుకోమని అనను. నేను గదిలోకి పోయి తలుపేసుకుంటాను, పిలవమాక" అన్నాను. "నేను ఇంకా మొదలే పెట్టలేదు."